చలిని నిలుపు చిన్న పలక
(జవళగేర పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



గత వేసవిలో మన ప్రయోగశాలలో ఒక చిన్న పలక కాలిపోయెను. పదవ తరగతి బాలుడొకడు దానిని పాడుచేసెనని ఊరిలో చెప్పుకొనుచున్నారు. జరిగినది వేరు.

దాని పేరు పెల్టియర్ పలక. నాలుగు సెంటీమీటర్ల చదరము. విద్యుత్తు పంపినచో ఒక ముఖము చల్లబడును, రెండవది వేడెక్కును. తీగలు తారుమారు చేసినచో ముఖములును తారుమారగును. ఈ గుణమును 1834లో ఫ్రెంచి దేశీయుడగు పెల్టియర్ కనుగొనెను. 1838లో లెంజ్ అను పండితుడు రెండు లోహముల అతుకుమీద నీటిబొట్టునుంచి విద్యుత్తుతో గడ్డకట్టించి, ప్రవాహమును త్రిప్పి దానినే కరగించెను. నేటి పలకలలో బిస్మతు టెల్లురైడు అను అర్ధవాహకపు ముక్కలుండును.

మన రాయచూరు ఎండ మీకు క్రొత్త గాదు. సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగములకు వేడిమియే గాక వేడిమిలోని హెచ్చుతగ్గులును చేటు. లేజరు కాంతి తన తరంగదైర్ఘ్యము తప్పును. కెమెరా చిప్పు వేడెక్కినచో, వెలుతురు పడకున్నను పడినట్లు సంకేతమిచ్చును. అందుచే భాగము ప్రక్కన ఉష్ణమాపకమునుంచి, దానినిబట్టి పలకకు విద్యుత్తును పెంచుచు, తగ్గించుచు, అవసరమైనచో త్రిప్పుచు నుందురు. తూముకడ లస్కరు తలుపు నెత్తుచు దించుచు పిల్లకాలువ మట్టమును కాపాడుట మీరెరుగనిదా?

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహములో ఎక్స్ కిరణముల దూరదర్శిని యొకటి గలదు. దాని కెమెరా చిప్పును సున్నకు దిగువ సుమారు 80 డిగ్రీలకు చల్లబరచుటకు ఇట్టి సాధనమునే అమర్చిరి. అచట గాలి లేదు గనుక, తీసిన వేడిమిని రేడియేటరుకు చేర్చి శూన్యములోనికి వెలువరింపవలెను.

కిటుకంతయు ఇచటనే యున్నది. పలక వేడిమిని నశింపజేయదు. ఈ ముఖమునుండి ఆ ముఖమునకు మోయును, తాను పుట్టించిన వేడిమిని అదనముగా చేర్చును. దానిని బయటికి పంపకున్న పలకకే ముప్పు.

పాత నీళ్ళ యంత్రమునుండి ఆ బాలుడు పలకను ఊడదీసి తెచ్చెను. అల్యూమినియపు రెక్కల దిమ్మె, పంకా లేనిదే కలుపరాదని నాతో అతడే చెప్పెను. "ఒక్క నిమిషమే గదా" అని స్విచ్చి వేసినది నేను. చల్లదనము తాకి పిల్లలు చప్పట్లు కొట్టిరి. నేను మాటలలో పడితిని. అంతలో చల్లని ముఖమే కాలసాగెను. లోపలి అతుకులు కరగి పలక చచ్చెను.

ఇంట చీవాట్లు తిన్న ఆ బాలుడు నాటినుండి ప్రయోగశాల గడప త్రొక్కలేదు. క్రొత్త పలకను, రెక్కల దిమ్మెను నా జీతముతో తెప్పించితిని. సోమవారము సాయంకాలము కుమారుని పంపవలసినదిగా అతని తండ్రిగారిని కోరుచున్నాను. ఈ పర్యాయము స్విచ్చి అతడే వేయును.