అమ్మ అడిగిన ప్రశ్న
(ప్రసంగ పాఠం)



పాశ్చాత్య తత్త్వవేత్తలను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ప్లేటో మొదలు సార్త్ర్ వరకు పేర్లు వల్లించడం నాకు చేతకాదు. వినడం మీకూ ప్రయాసే. అందుచేత ఒక్క విషయానికే పరిమితమవుతాను. ఆ మహానుభావులు ఏ భాషలో రాశారు? ఎవరు చదవాలని రాశారు?

ఈ ప్రశ్న నాకు మా వంటింట్లో పుట్టింది. మాది హోసూరు ప్రాంతం. బెంగళూరులో తత్త్వశాస్త్రం చదువుతున్న రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చాను. "ఏం చదువుతా ఉండావు నాయనా?" అని అమ్మ అడిగింది. డెకార్ట్ సిద్ధాంతాన్ని ఆంగ్లంలో పది పుటలు రాయగలిగినవాణ్ణి, తెలుగులో పది వాక్యాలు చెప్పలేకపోయాను. "అది నీకు అర్థం కాదులే అమ్మా" అని తప్పించుకొన్నాను. ఆ మాట గుర్తుకు వస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎందుకంటే డెకార్ట్ రాసింది అటువంటి వారి కోసమే. ఆయన 'పద్ధతిని గురించిన ప్రసంగం' 1637లో హాలండులోని లైడెన్ నగరంలో, రచయిత పేరు లేకుండా అచ్చయింది. ఆనాడు ఐరోపాలో విద్య అంటే లాటిన్. జెస్యూట్ గురువుల వద్ద లాటిన్‌లోనే చదువుకొన్న డెకార్ట్, ఈ గ్రంథాన్ని ఫ్రెంచిలో రాశాడు. కారణం గ్రంథంలోనే చెప్పుకొన్నాడు: పాత పుస్తకాలనే నమ్ముకొన్న పండితుల కంటే, సహజమైన వివేకంతో ఆలోచించేవారు తన మాటలను బాగా తూచగలరని. స్త్రీలకు కూడ ఎంతో కొంత బోధపడాలని తన ఆశ అని 1638లో ఒక ఉత్తరంలో రాశాడు. "నేను ఆలోచిస్తున్నాను, కనుక నేనున్నాను" అన్న వాక్యం మొదట ఫ్రెంచిలోనే వెలువడింది. మనం పరీక్షల కోసం కంఠస్థం చేసిన లాటిన్ రూపం 1644 నాటి గ్రంథంలోది! అలాగని ఆయన లాటిన్‌ను విడిచిపెట్టలేదు. 1641లో 'ధ్యానాలు' పండితుల కోసం లాటిన్‌లోనే రాశాడు.

స్వభాషలో తత్త్వం ఎందుకన్న వాదం ఇంకా పాతది. క్రీస్తుపూర్వం 45లో కుమార్తె టులియాను పోగొట్టుకొన్న సిసెరో, ఆ దుఃఖకాలంలో గ్రీకు తత్త్వాన్ని లాటిన్‌లోకి తెచ్చే పనికి పూనుకొన్నాడు. ఆయన సంవాదంలో వర్రో అనే పండితుడు ఆక్షేపిస్తాడు: తత్త్వం మీద ఆసక్తి గలవాడు గ్రీకులోనే చదువుకొంటాడు, లేనివాడు లాటిన్‌లో రాసినా చదవడు, మరి రాయడం దేనికి? ఈ ఆక్షేపణ మనకు కొత్త కాదు. గ్రీకు, లాటిన్ అన్నచోట ఇంగ్లీషు, తెలుగు అని మార్చుకొంటే చాలు. సిసెరో మాత్రం ఆగలేదు. అవసరమైనచోట కొత్త మాటలు పుట్టించాడు. నేడు ఇంగ్లీషువారు వాడే 'క్వాలిటీ', 'మోరల్' అన్న మాటలకు మూలమైన లాటిన్ పదాలు ఆయన కూర్చినవే. అంటే లాటిన్ కూడ ఒకనాడు పదాలు చాలని భాషే!

జర్మన్ కథ నాకు మరింత ఇష్టం. లైబ్నిజ్ తన భాషను గురించి ఒక చక్కని లెక్క చూశాడు. గనులు, వేట, చేతిపనులు, అంటే కంటికి కనిపించే వాటికి జర్మన్‌లో మాటలకు కొదవ లేదు. మనసుకు మాత్రమే అందే విషయాలకే కొరత అన్నాడు. మగ్గం ముందు కూర్చున్న మన నేతగాడి మాటలను, మన పాఠ్యపుస్తకాల్లోని శాస్త్ర పరిభాషను పక్కపక్కన పెట్టి చూడండి. ఇంత తెలిసీ ఆయన 1710 నాటి 'థియోడిసీ'ని, 1714 నాటి 'మొనడాలజీ'ని ఫ్రెంచిలోనే రాశాడు. ఉపదేశం ఊరివారికి, అన్నట్లుంది.

ఆచరించినవారు వేరు. 1687లో క్రిస్టియన్ టొమాసియుస్ లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో జర్మన్‌లో ఉపన్యసిస్తానని జర్మన్‌లోనే ప్రకటన అంటించాడు. పండితులు మండిపడ్డారు. ఇతర వివాదాలూ తోడై 1690లో ఆయన హాలె పట్టణానికి వెళ్లిపోవలసి వచ్చింది. అదే హాలెలో తరువాత క్రిస్టియన్ వోల్ఫ్ తర్కాన్నీ, తత్త్వాన్నీ జర్మన్‌లో రాశాడు. ఆయన వాడిన మాటలు చూడండి. భావనకు 'బెగ్రిఫ్' అన్నాడు. చేతితో పట్టుకోవడం అన్న క్రియ నుంచి వచ్చిన మాట అది. మనమూ "ఆ లెక్క నాకు పట్టుబడలేదు" అంటాం కదా! చైతన్యానికి 'ఎరిగి ఉండటం' అన్న అర్థమిచ్చే రెండు మామూలు మాటలను జతచేశాడు. మన 'ఎరుక' దానికి ఎంత దగ్గరిదో ఆలోచించండి. క్రైస్తవ శ్రుతి లేకున్నా కేవల బుద్ధిబలంతో నీతి సాధ్యమని, అందుకు చైనావారే ఉదాహరణమని 1721లో చెప్పినందుకు మతపండితులు పగబట్టారు. 48 గంటల్లో రాజ్యం విడిచిపోవాలని, పోకుంటే ఉరి తప్పదని 1723లో ప్రష్యా రాజు ఆజ్ఞాపించాడు. 1740లో కొత్త రాజు రాగానే సగౌరవంగా తిరిగివచ్చాడు.

జీనులూ పట్టెడలూ కుట్టే ఇంట పుట్టిన కాంట్ 1770లో విశ్వవిద్యాలయ నియమం ప్రకారం లాటిన్‌లో సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. 1781లో 'శుద్ధబుద్ధి విమర్శ'ను జర్మన్‌లో రాశాడు. వోల్ఫ్ వేసిన బాట లేకుంటే అది సాధ్యమయ్యేది కాదని నా అభిప్రాయం. అయితే మాతృభాషలో రాసినంత మాత్రాన సులభమైపోతుందని మాత్రం ఆశపడకండి. కాంట్ గ్రంథం చూసి ఆయన మిత్రులే బెంబేలెత్తారు.

ఇంకొక హెచ్చరిక కూడ చేయాలి. ఈ ప్రీతి అహంకారంగా మారిన సందర్భాలున్నాయి. ఫ్రెంచి సేనలు బెర్లిన్‌ను ఆక్రమించి ఉన్నప్పుడు, 1807-08లో, ఫిక్టే తన జాతిని ఉద్దేశించి ప్రసంగిస్తూ జర్మన్ జీవభాష అని, లాటిన్ నుంచి పుట్టిన భాషల వేళ్లు చచ్చిపోయాయని వాదించాడు. గ్రీకు, జర్మన్ భాషలే ఆలోచనకు అత్యంత సమర్థమైనవని 1935 నాటి ఉపన్యాసాల్లో హైడెగర్ అన్నాడు. ఆయన అప్పటికే నాజీ పార్టీ సభ్యుడు. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ ఇరుగుపొరుగుల మధ్య బ్రతికే మనం ఆ తోవ తొక్కరాదు. తన భాషలో ఆలోచించే హక్కు కోరడం వేరు, ఎదుటి భాషకు ఆలోచన రాదనడం వేరు.

మన సరిహద్దు బిడ్డ రాధాకృష్ణన్ సంగతీ చూడండి. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆయన 'ఇండియన్ ఫిలాసఫీ' రెండు సంపుటాలూ, 1923లో ఒకటి, 1927లో ఒకటి, ఆంగ్లంలోనే వచ్చాయి. పడమటివారికి మన తత్త్వం చెప్పడానికి అది తగిన భాషే, తప్పు పట్టను. తత్త్వచింతనను తెలుగు పాఠకుడి ముంగిటికి తేవడానికి త్రిపురనేని గోపీచంద్ 'తత్త్వవేత్తలు' రాశారు. అటువంటి గ్రంథాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే కావడం నా బాధ.

మళ్లీ మా వంటింటికి వస్తాను. చాలా ఏళ్ల తరువాత అమ్మకు డెకార్ట్‌ను తెలుగులో చెప్పాను. కన్ను మోసగించవచ్చు, ఇదంతా కలే కావచ్చు, అన్నింటినీ సందేహించవచ్చు. కాని సందేహించేవాడొకడు ఉండాలి కదా, ఆలోచన ఉంది గనుక నేనున్నాను అని. అమ్మ బియ్యం ఏరుతూ అంతా విన్నది. "అట్లయితే ఒళ్లెరగకుండా నిద్దరపోతామే, అప్పుడు మనం లేనట్టేనా?" అన్నది.

నేను నిర్ఘాంతపోయాను. 1690 తేదీతో అచ్చయిన గ్రంథంలో జాన్ లాక్ డెకార్ట్ పక్షంవారిని నిలదీసింది ఈ చోటనే. ఆత్మ ఎల్లప్పుడూ ఆలోచిస్తూనే ఉంటుందంటారే, కలలేని నిద్ర మాటేమిటని అడిగాడు. నేను పట్టా పుచ్చుకొన్నాను గాని, ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. అమ్మకు జవాబు చెప్పలేకపోయాను.

లాక్‌కు లైబ్నిజ్ రాసిన సమాధానం 1765లో, ఆయన పోయిన దాదాపు ఐదు దశాబ్దాలకు, అచ్చయింది. మనం గమనించనంత సన్నని అనుభూతులు నిద్రలో కూడ సాగుతూనే ఉంటాయని ఆయన వాదం. మర పక్కన కాపురముండేవాడికి దాని చప్పుడు చెవిన పడుతూనే ఉన్నా, అలవాటు వల్ల గమనానికి రాదు, అలాగే ఇదీ అంటాడు. నేను అది చదివేనాటికి అమ్మ కాలం చేసి నాలుగేళ్లయింది. మా ఇంటి వెనుక పిండిమర ఉండేది. తెల్లవారుజామునే మొదలయ్యేది. దాని చప్పుడు మాలో ఎవరికీ వినిపించేది కాదు, ఆగినరోజు మాత్రం అమ్మ ముందుగా లేచి, "ఏమిది, మర తిరగలేదే?" అనేది.