పరిచర్యలో పాట
(పొందూరు స్త్రీల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘములలో మాట రాని బిడ్డలు, బుద్ధివికాసము నెమ్మదిగా జరిగే బిడ్డలు, ఆటిజము గలవారు, పక్షవాతము వలన మాట పడిపోయిన పెద్దలు ఉన్నారు. వారిని రాత్రింబగళ్లు కనిపెట్టుకొని ఉన్న తల్లులూ, భార్యలూ, తోబుట్టువులూ ఉన్నారు. అట్టివారి చేతిలో ఖర్చు లేని సాధనమొకటి ఉన్నది. అది పాట.

సంగీత చికిత్స అనేది శిక్షణ పొందినవారు చేసే పని. 1959లో ఇంగ్లండులో పాల్ నార్డాఫ్ అనే అమెరికా స్వరకర్త, క్లైవ్ రాబిన్స్ అనే ఉపాధ్యాయుడు కలిసి ప్రత్యేక అవసరములు గల పిల్లలతో ఆ పనికి పూనుకున్నారు. నేను చెప్పబోయేది అది కాదు. స్నానము, భోజనము, నిద్ర వేళలందు ఇంటివారు తీసే కూనిరాగము సంగతి. దీనివలన వ్యాధి కుదురుతుందని నేననడము లేదు. డాక్టరుగారిచ్చిన మందు మానవద్దు. కాని రోజు గడవడము తేలికవుతుంది.

ఎందువలననగా, మాట అర్థము కాని బిడ్డకు కూడా రాగము గుర్తుండవచ్చును. రోజూ ఒకే పాటతో నీళ్లు పోస్తే, అది వినగానే స్నానవేళ అని తెలుస్తుంది. తెలిసిన పనికి బెదురు తక్కువ. పాట ముగిస్తే పని ముగిసినట్లే.

మెదడు ఎడమ భాగము దెబ్బతిని మాట పోయినవారిలో కొందరు పాటలోని మాటలను స్పష్టముగా పలుకగలరు. అట్టి ఒక వ్యక్తి పూర్వము నేర్చిన కీర్తనలు పాడగలిగెనని 18వ శతాబ్దములోనే స్వీడన్ దేశములో వ్రాసిపెట్టారు. 1973లో బోస్టన్ నగర పరిశోధకులు రాగము ద్వారా మాట తిరిగి నేర్పే పద్ధతిని ప్రకటించారు. కన్నబిడ్డల పేర్లు మరచిన వృద్ధులు సైతము చిన్ననాటి కీర్తన అందుకుంటారు. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు మన పెద్దలలో ఎందరికో పుస్తకము లేకుండానే వచ్చును గదా!

అయితే పాడడము కంటే ఆగడము ముఖ్యము. తెలిసిన చరణములో చివరి మాట వదలి, మనస్సులో పది లెక్కించండి. ఒక మూలుగు, ఒక చూపు, ఒక వేలి కదలిక వస్తుంది. అది వారి వంతు. మనము తొందరపడి పూరిస్తే ఆ వంతును లాగుకున్నట్లే. పొందూరు ఆడపడుచులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి, సన్నని నూలు వడికే ఊరు మీది. తొందరపడితే నూలు తెగుతుందని మీకు తెలుసు.

మరి కొన్ని జాగ్రత్తలు. పాట ఏదన్నది వారి ఇష్టము. చెవులు మూసుకుంటే వెంటనే ఆపండి. ఆటిజము గల అనేకులకు పెద్ద శబ్దము బాధ కలిగిస్తుంది. చెవి వినబడని బిడ్డ అరచేతిని డోలు మీద ఉంచండి. దరువు చేతికి తెలుస్తుంది. వయస్సు వచ్చినవారికి చంటిపిల్లల పాటలు పాడవద్దు. అది వారిని చిన్నబుచ్చడమే. సలహా కావలసిన తలిదండ్రులకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉన్నది.

పాడే తల్లికి కూడా ఓపిక తరిగిపోతుంది. వారమునకు ఒక గంట మీరు వెళ్లి ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి పాడండి. ఆమె కాస్త నడుము వాలుస్తుంది.

చివరిగా సంఘమునకు ఒక మనవి. బిడ్డ కేక వేస్తే అందరూ వెనుదిరిగి చూస్తారన్న బిడియముతో ఆరాధనకు రావడము మానుకునే తల్లులున్నారు. లౌడుస్పీకరు తగ్గించండి. తలుపు దగ్గర ఒక బల్ల వారికై ఉంచండి. కీర్తన ముగిసిన తరువాత వెనుకనుండి ఒక గొంతు ఆలస్యముగా వినిపిస్తే తిరిగి చూడకండి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టక ఒక్క క్షణము ఆగుదురు గాక. ఆ బిడ్డ వంతు పూర్తి కానీయండి.