ఆంగ్ల బోధనలో మాతృభాష తోడు



హోట్గి రోడ్డు నేత కుటుంబాల పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. మహారాష్ట్రలో 2000 నుండి ఒకటవ తరగతిలోనే ఆంగ్లమూ చేరింది. ‘ఐ వాటర్ డ్రింక్’ అని వ్రాసిన ఒక బాలికను నేనొకప్పుడు మందలించాను. ఆమె చాలా దినాలు తరగతిలో నోరు విప్పలేదు. దోషం నాదే. తెలుగులోనూ మరాఠీలోనూ క్రియ వాక్యాంతంలో నిలుస్తుంది. ఆంగ్లంలో కర్త వెన్వెంటనే వస్తుంది. మూడు భాషల వాక్యాలనూ నల్లబల్లపై ఒకదాని క్రింద ఒకటి వ్రాసి, ఈ భేదాన్ని తెలుగులో వివరించిననాడు ఆ బాలిక తన వాక్యాన్ని తానే సరిదిద్దుకొన్నది.

తల్లిదండ్రులారా! మీకు ఆంగ్లం రాదని చింతించకండి. ‘ఈనాడేమి నేర్చుకొన్నావమ్మా?’ అని తెలుగులోనే అడగండి. పడుగు గట్టిగా ఉంటేనే గదా పేక నిలిచేది!