బడిలో శిక్షణ సరే, బస ఎక్కడ?



టీచర్లను బడి మధ్యనే తయారుచేయాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1943లో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ప్రారంభించారు. గోండి వాచకాలతో గూడేల నుంచే పంతుళ్లు తయారయ్యారు. అయితే మొదట ఆ అవకాశం అందింది మగవాళ్లకే.

2014 నాటి ఎన్.సి.టి.ఇ. నిబంధనలు బి.ఇడి.లో 20 వారాల పాఠశాల శిక్షణను తప్పనిసరి చేశాయి. మంచిదే. కానీ కరీంనగర్‌లో చదివే కూలి కుటుంబపు అమ్మాయి అన్ని వారాలు దూరపు ఊళ్లో ఎక్కడుండాలి? బస్సు చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? భద్రమైన బస లేకపోతే ఆమె ఇంటి దగ్గరి బడినే కోరుకుంటుంది, లేదా చదువే మానుకుంటుంది. అప్పుడు గూడెం ఆడపిల్లలకు టీచరమ్మ ఎక్కడినుంచి వస్తుంది? బసనూ భృతినీ దయగా కాదు, శిక్షణలో భాగంగా, హక్కుగా అడుగుదాం.