బిలియర్డ్స్ కర్రకు మిల్లింగ్ యంత్రం: ఎంపిక, అమరిక



ఈనాటి పాఠానికి భిలాయి వెళదాం. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న ఈ ఉక్కు నగరంలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో అక్కడ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన రైళ్ళు పరుగెత్తే పట్టాలకు భిలాయి పెట్టింది పేరు.

ఇప్పుడు ఒక సంగతి ఊహించుకోండి. మీ నాన్నగారు ఆ కర్మాగారంలో పదవీ విరమణ చేశారు. తనకు వచ్చిన డబ్బులో కొంత మీ చేతిలో పెట్టి, "చిన్న వర్క్‌షాపు పెట్టుకో" అన్నారు. పూల్ ఆటకు వాడే కర్రలు, అంటే క్యూలు తయారు చేద్దామని మీరు నిశ్చయించుకున్నారు. అందుకు ఒక మిల్లింగ్ యంత్రం కొనాలి. తప్పుడు యంత్రం కొంటే పోయేది మీ నాన్నగారి ముప్పై ఏళ్ళ కష్టార్జితం. కనుక కొనేముందు లెక్క వేద్దాం.

ఈ ఆటలు మనకు కొత్తవి కావు. పూల్‌కు దగ్గరి బంధువైన స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మధ్య పుట్టింది. 1958లో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యారు.

పూల్ క్యూ సుమారు 147 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. చాలావాటిని రెండు ముక్కలుగా చేసి, మధ్యలో మరలతో కలుపుతారు. బంతిని తాకే కొన దగ్గర వ్యాసం 13 మిల్లీమీటర్లు, చేతితో పట్టుకునే మొదలు దగ్గర సుమారు 29 మిల్లీమీటర్లు. గుండ్రని కడ్డీ వంగకుండా నిలిచే బలం వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని మీరు చదువుకున్నారు. 29ని 13తో భాగించి నాలుగో ఘాతానికి హెచ్చించండి. దాదాపు 25 వస్తుంది. అంటే కొన భాగం మొదలుకంటే 25 రెట్లు తేలికగా వంగుతుంది. అందుకే కొన దగ్గర కట్టర్ చాలా పలచగా కోయాలి.

కలప స్వభావం కూడా తెలుసుకోవాలి. ఉక్కు వేడికి పెరుగుతుంది. కలప ముఖ్యంగా తేమకు ఉబ్బుతుంది. పైగా అన్ని దిక్కులా ఒకేలా ఉబ్బదు. వార్షిక వలయాల వెంట ఉబ్బే కొలత, వలయాలకు అడ్డంగా ఉబ్బేదానికి దాదాపు రెట్టింపు. అందువల్ల ఎండాకాలంలో చక్కగా గుండ్రంగా తీసిన కర్ర వర్షాకాలంలో కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. భిలాయిలో వేసవి నిప్పులు చెరుగుతుంది, వానాకాలం ముసురు పడుతుంది. కాబట్టి పనివారు కర్రను ఒకేసారి చివరి కొలతకు తీయరు. కొంత కోసి, కొన్ని వారాలు నిలవబెట్టి, మళ్ళీ కొంత కోస్తారు. మన ఏటికొప్పాక బొమ్మల కళాకారులు కూడా అంకుడు కర్రను ఆరబెట్టాకే చెక్కుతారు కదా!

ఇక యంత్రం మాట. ఉక్కు నగరంలో ఇనుమును కోసే పాత మిల్లింగ్ యంత్రాలు సులభంగా దొరకవచ్చు. అవి కలపకు పనికివస్తాయా? కోత వేగానికి సూత్రం ఇది: కట్టర్ వ్యాసాన్ని 3.14తోను, నిమిషానికి చుట్ల సంఖ్యతోను హెచ్చించి 1,000తో భాగించాలి. 25 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీలు కట్టర్‌తో మెత్తని ఉక్కును నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోయాలంటే సుమారు 380 చుట్లు చాలు. కలపను నునుపుగా కోసే రౌటర్ మోటారు అదే కట్టర్‌ను 18,000 చుట్లు తిప్పితే వేగం 1,400 మీటర్లు దాటుతుంది. 1,500 చుట్లకు మించని యంత్రం కలప నారను కోయదు, పీకుతుంది. అలాగని పాత యంత్రాన్ని తోసిపుచ్చనక్కరలేదు. దాని బరువు, బిగువు మనకు వరం. దానికి ఒక రౌటర్ మోటారును గట్టిగా బిగించుకోవచ్చు. అయితే వేగం పెరిగినప్పుడు కర్రను కూడా చురుకుగా నడపాలి. నెమ్మదిగా నడిపితే కట్టర్ ఒకేచోట రాసుకుని కలప మాడుతుంది.

రెండో ప్రశ్న: టేబుల్ ఎంత పొడవు, దాని నడక ఎంత? ఈ రెండూ ఒకటి కావు. టేబుల్ 1,000 మిల్లీమీటర్లు ఉన్నా నడక 600 మాత్రమే ఉండవచ్చు. క్యూలో ఒక సగాన్ని మొదలు నుంచి చివరి దాకా వాలుగా కోయాలంటే 750 మిల్లీమీటర్లకు తగ్గని నడక కావాలి. మూడో ప్రశ్న: మోటారు మూడు ఫేజులదా? మీ షెడ్డుకు ఆ కనెక్షన్ ఉందా?

ఇప్పుడు అమరిక. మంచి క్యూల మొదలు భాగంలో బాణం మొనల్లాంటి రంగు చెక్కల అలంకారం చూసి ఉంటారు. దీనికోసం గుండ్రని కర్రలో నాలుగు వైపులా 90 డిగ్రీల 'వి' ఆకారపు గాడులు కోస్తారు. గాడి ఒక చివర 10 మిల్లీమీటర్ల లోతుతో మొదలై, 200 మిల్లీమీటర్లు వెళ్ళేసరికి సున్నా అవుతుంది. వాలు 20కి 1. డివైడింగ్ హెడ్‌ను, టెయిల్‌స్టాక్‌ను ఒకే ఇనుప పలకపై బిగించి, 300 మిల్లీమీటర్ల దూరానికి ఒక చివర 15 మిల్లీమీటర్లు ఎత్తితే ఈ వాలు వస్తుంది. డివైడింగ్ హెడ్ పిడిని 40 సార్లు తిప్పితే కర్ర ఒక చుట్టు తిరుగుతుంది. నాలుగు గాడులకు ఒక్కొక్కసారి 10 చుట్లు. ఆరు గాడులైతే 6 చుట్లు, ఆపై 18 రంధ్రాల వలయంలో 12 రంధ్రాలు. ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పండి. వెనక్కి తిప్పితే పళ్ళ మధ్య సందు తప్పు చూపిస్తుంది.

పలకను ఎత్తకముందే మూడు పరీక్షలు చేయాలి. మొదట రసమట్టంతో యంత్రం సమంగా ఉందో లేదో చూడండి. రెండవది, స్పిండిల్‌కు డయల్ గేజిని తగిలించి టేబుల్‌పై గుండ్రంగా తిప్పండి. ముల్లు కదలకపోతే స్పిండిల్ నిట్టనిలువుగా ఉన్నట్టు. మూడవది, రెండు సెంటర్ల మధ్య తిన్నని ఉక్కు కడ్డీని నిలిపి, పైన, పక్కన గేజిని చివరి దాకా నడపండి. ఆ తర్వాత పలకను ఎత్తి, కట్టర్ మొనను కర్ర మధ్య గీతపైకి తెచ్చి బిగించండి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? వాలు 20కి 1 కదా. ఒక గాడి 0.1 మిల్లీమీటరు ఎక్కువ లోతుగా పడితే దాని మొన 2 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. కంటికి కనిపించని తప్పు ఇరవై రెట్లు పెరిగి, కొనేవారి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ సూత్రమే మీ డబ్బును కూడా కాపాడుతుంది. యంత్రం కొనడానికి వెళ్ళేటప్పుడు బాగా ఆరిన, గుండ్రంగా తీసిన ఒక చవక కర్రముక్కను వెంట తీసుకువెళ్ళండి. యంత్రాన్ని అమర్చి, దానిపై నాలుగు గాడులు కోసి చూపమనండి. నాలుగు మొనలనూ స్కేలుతో కొలవండి. 4 మిల్లీమీటర్ల తేడా వస్తే ఎక్కడో 0.2 మిల్లీమీటర్ల లోపం ఉంది. అది అమరికలో ఉందా, అరిగిన టేబుల్‌లో ఉందా తేలేదాకా డబ్బు ఇవ్వకండి. యంత్రానికి కొత్తగా వేసిన రంగు మిమ్మల్ని మోసగించవచ్చు, కర్రముక్క మోసగించదు.

చివరిగా ఒక హెచ్చరిక. తిరిగే యంత్రం దగ్గర చేతి తొడుగులు, వేలాడే బట్టలు వద్దు. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. కలప ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో 1995లోనే చేర్చారు. ధూళిని పీల్చే యంత్రం ఖర్చును మొదటి లెక్కలోనే వేసుకోండి. రంపపు పొట్టు నూనెతో కలిసి యంత్రపు జారుడు పట్టాలను కూడా అరగదీస్తుంది. రోజూ పని ముగిశాక శుభ్రం చేయండి.

మీ కళాశాల వర్క్‌షాపులో డివైడింగ్ హెడ్ ఉంటే, గురువుగారి అనుమతితో రేపే ఒక కర్రపై నాలుగు గాడులు కోసి మొనలు కొలిచి చూడండి. పుస్తకంలో చదివిన వాలు మీ చేతికి తెలుస్తుంది.