ఓరుగల్లు మింట రాత్రి అలజడి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రాత్రివేళ దూరదేశపు రేడియో విన్నవారికి ఈ అనుభవము తెలిసినదే. స్పష్టముగా వినవచ్చుచున్న మాట హఠాత్తుగా వణకి, సన్నగిల్లి, మరల పుంజుకొనును. తరచు ఆ దోషము రేడియో పెట్టెది కాదు, ఆకాశముది.

భూమికి సుమారు వంద కిలోమీటర్లపైన సూర్యరశ్మి గాలి అణువులను విద్యుత్కణములుగా విడదీయును. ఆ పొరయే అయనమండలము. హ్రస్వతరంగములు దానివలన వంగి నేలకు తిరిగివచ్చును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట దాని అడుగుభాగము పలుచబడును. పైభాగము చిక్కగనే నిలుచును. నీటి అడుగున చేరిన నూనె పైకి తేలినట్లు, పలుచని భాగములు బుడగలై పైకెగయును. వానిలోని ఒడుదొడుకులే తరంగములను చెదరగొట్టును.

ఈ బుడగలకు పుట్టినిల్లు అయస్కాంత భూమధ్యరేఖ. అచట భూమి అయస్కాంత బలరేఖలు నేలకు సమాంతరముగా నుండును. మన దేశమున ఆ రేఖ దక్షిణపు కొస సమీపమున పోవును. 1963 నవంబరు 21న తొలి పరిశోధక రాకెట్టును తుంబానుండి ఎగురవేయుటకు కారణమిదియే.

అయినచో ఉత్తరమునకు పోయినకొలది బాధ తగ్గవలదా? విషయమంత సులభము కాదు. బలరేఖలు విల్లువలె వంగియుండును. బుడగ వాని వెంట ఇరువైపులకు దిగును. ఎంత ఎత్తున కెగసిన అంత దూరము వ్యాపించును. తిరుపతి చెంతనున్న గాదంకి అయస్కాంత అక్షాంశము సుమారు 6 డిగ్రీలు. ఓరుగల్లుది సుమారు 10. బుడగ రేఖపై ఐదారువందల కిలోమీటర్ల ఎత్తు చేరిననే ఓరుగల్లు మింట దాని జాడ కనబడును. 15 డిగ్రీలకు ఎనిమిదివందలు కావలెను. అంత దూరము చేరు రాత్రులు తక్కువ. కాని అచట కణములు మిక్కిలి దట్టము. చేరిననాడు ఉపగ్రహ సంకేతములకు తగులు దెబ్బ అధికము.

వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావుగారి నేతృత్వమున అయనమండల పరిశోధనలు సాగినవి. గాదంకిలోని 53 మెగాహెర్ట్జ్ రాడారు ఈ ఒడుదొడుకులను కనిపెట్టినది. ఇది పండితుల వినోదము కాదు. ఉపగ్రహ సంకేతములతో విమానములకు దారిచూపు గగన్ ఏర్పాటు ఈ మింటిక్రిందనే పనిచేయవలెను. దారి తప్పినచో ప్రయాణికుల ప్రాణములతో పని.

కావున తుంబాలోని కొలత ఓరుగల్లుకు చాలదు. ఓరుగల్లు కొలత భోపాలుకు చాలదు. ఏ అక్షాంశపు ఆకాశమును ఆ అక్షాంశముననే కనిపెట్టి చూడవలెను. ఈ గ్రంథాలయమున చదువుకొను బాలబాలికలలో కొందరైనను ఆ పనికి పూనుకొందురుగాక!