బరువు గురించి నేను చెప్పిన అబద్ధం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఏటా ఈ రోజున నకారాగారి కేసు తలచుకోవడం మనకు ఆనవాయితీ. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు పెన్షను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని తీర్పిచ్చింది. ఆ సంగతి నాకంటె బాగా చెప్పగలవారు వేదికమీదే ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, "ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడండి, నడకతో బరువు తగ్గినవారు కదా మీరు" అన్నారు. చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. నేను నడకతో తగ్గలేదండీ. ఆపరేషన్ చేయించుకుని తగ్గాను.

2017లో ఇలాంటి సభలోనే నాకు శాలువా కప్పారు. ఏడాదిన్నరలో 34 కేజీలు తగ్గిన ఆదర్శ పెన్షనరు అన్నారు. నేను ఆ శాలువా కప్పించుకుని, బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడవడం గురించి ఇరవై నిమిషాలు ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. ఆ శాలువా ఇవాళ సంచిలో తెచ్చాను. మా ఆవిడ ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది. సభ అయ్యాక అధ్యక్షులవారికి అప్పజెబుతాను.

నేను మొదటినుంచీ లావుపాటి మనిషిని కాను. 1973లో ఉక్కు ఫ్యాక్టరీ భూసేకరణ పనిలో గుమాస్తాగా చేరినప్పుడు నా బరువు 54 కేజీలు. గాజువాక దాకా బస్సు, అక్కణ్ణుంచి గట్లమ్మట నడక. రికార్డుల కట్ట చంకన పెట్టుకుని, సర్వే వాళ్ళ వెనకాల ఊరూరూ తిరిగేవాణ్ణి. తరవాత ఊళ్ళోని ఆఫీసుకు బదిలీ అయింది. కుర్చీ దొరికింది. రోజుకి ఆరు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార, సాయంత్రం పకోడీల పొట్లం, మార్చి నెలాఖర్లలో రాత్రి పదింటికి భోజనం. 1992లో ప్రధాని పి.వి. నరసింహారావుగారు ఉక్కు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసే నాటికి నేను 90 కేజీలు. 2009లో రిటైరయ్యేటప్పటికి 106. 2015లో 118.

ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. బి.ఎం.ఐ. అంటారే, కేజీల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించే లెక్క, అది నాకు 43 వచ్చింది. మన భారతీయులకు 25 దాటితేనే స్థూలకాయం కింద లెక్క. ఆఫీసులో నా దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడొకడు, "మా బాసుని పోర్టులో లారీలు తూచే కాటా మీద తూయాలి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లావుపాటివాడు తనమీద వేసిన జోకుకి ముందుగా తనే నవ్వాలి. అదొక రివాజు.

తగ్గాలని ప్రయత్నించలేదనుకోకండి. 2011లో అన్నం మానేసి, జొన్నరొట్టె తిని, 12 కేజీలు తగ్గాను. ఏడాది తిరక్కుండా 15 పెరిగాను. ఇందులో కొంత మనసు బలహీనత ఉంది, కాదనను. అంతా అదే అనుకోవడం మాత్రం తప్పని తరవాత తెలిసింది. బరువు తగ్గినకొద్దీ శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును జపాను శాస్త్రవేత్తలు 1999లో కనిపెట్టారు. అది ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుందట. పథ్యం చేసి తగ్గినవాడికి అది పెరుగుతుంది. నేను ఓడిపోయింది నా నాలుక చేతిలో మాత్రమే కాదన్నమాట.

ఆపరేషన్ దాకా వెళ్ళడానికి కారణం మా ఆవిడ. నాకు గురక. గురకైతే ఫరవాలేదు, అది మధ్యమధ్య ఆగిపోయేది. ఊపిరి కూడా ఆగేది. ఆగినప్పుడల్లా ఆవిడ లేచి కూర్చుని, నా భుజం పట్టి కుదిపేది. నాకు పొద్దున్నకి ఏమీ గుర్తుండేది కాదు. ఆవిడ మూడేళ్ళు సరిగా నిద్రపోలేదని మా కోడలు చెబితేగాని తెలియలేదు. షుగరు సరేసరి, రోజుకి 60 యూనిట్ల ఇన్సులిన్.

ఆ కోడలే పత్రిక తెచ్చి చూపించింది. కేంద్రమంత్రిగా ఉండగానే అరుణ్ జైట్లీగారు 2014లో ఈ ఆపరేషన్ చేయించుకున్నారని. అంతకు ముందు 2011లో నితిన్ గడ్కరీగారు. సరే అనుకుంటుండగా 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయారు. ముప్ఫై ఒక్కేళ్ళ పిల్ల. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ జరిగిందని పత్రికలు రాశాయి. మా ఆవిడ భయపడిపోయి, "మనకొద్దండీ, లావుగా ఉన్నా ఫరవాలేదు, ఉండండి చాలు" అంది. డాక్టరుగారే ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పారు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగెయ్యడం, ఆకారం కోసం చేసేది. అది వేరు. నాకు చేయబోయేది జీర్ణాశయం మీద. ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు. అనుభవం ఉన్న చోట వెయ్యిమందిలో ఒకరిద్దరు చనిపోతారు, అరవై దాటినవాడికి ఇంకాస్త ఎక్కువ. కుట్టిన చోట కారవచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. ఇవన్నీ ఆయన దాచకుండా చెప్పారు. అందుకే మా ఆవిడ ఒప్పుకుంది.

2016 జనవరిలో ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో జరిగింది. అంతకు ముందు గుండె పరీక్షలు, ఎండోస్కోపీ, మానసిక వైద్యుడితో గంటసేపు మాటలు, కాలేయం కుదించుకోవడానికి రెండు వారాలు ఒట్టి ద్రవాహారం. ఆపరేషన్ పొట్ట కోసి కాదు. అయిదు చిన్న రంధ్రాలు పెట్టి, జీర్ణాశయంలో ముప్పాతిక వంతు పైగా కత్తిరించి తీసేసి, అరటిపండంత గొట్టం మిగులుస్తారు. స్లీవ్ అంటారు. చొక్కా చెయ్యిలాంటిదని అర్థం. గ్రెలిన్ తయారయ్యే భాగం కూడా దాంతోపాటు పోతుంది. నాలుగో రోజున ఇంటికొచ్చాను. ఖర్చు నాలుగు లక్షల పైచిలుకు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి మధ్యలో తీసేశాను, మిగతాది పెద్దబ్బాయి పెట్టాడు. నా బీమా పాలసీ పైసా ఇవ్వలేదు. తరవాత 2019లో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు మార్చింది. బి.ఎం.ఐ. 40 దాటినా, 35 దాటి అదుపులో లేని షుగరు, తీవ్రమైన నిద్రలో ఊపిరాగే జబ్బు లాంటివి ఉన్నా, డాక్టరు సలహామీద చేసే ఆపరేషన్‌ని స్థూలకాయం పేరుచెప్పి తోసిపుచ్చడానికి లేదు. మీ పాలసీ కాగితాలు ఒకసారి తీసి చదువుకోండి.

మొదటి రెండు వారాలు నీళ్ళు, మజ్జిగతేట, పప్పుకట్టు, గుక్కలు గుక్కలుగా. తరవాత మెత్తగా మెదిపినవి. నెల దాటాక ఒక ఇడ్లీ నలభై నిమిషాలు తిన్నాను. ఒక్క ముద్ద ఎక్కువైతే గుండెల్లో రాయి పెట్టినట్టుండేది. నాలుగో నెలలో జుట్టు ఊడింది. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిను జన్మంతా వేసుకోవాలి. రోజుకి 60 గ్రాముల మాంసకృత్తులు తినాలి. గుడ్డు ముట్టని నాకు ఇదొక యజ్ఞం.

వీటన్నిటికంటె కష్టమైంది వేరే ఉంది. ఒకరోజు మా ఆవిడ పనసపొట్టు కూర వండి, నాకు రెండు చెంచాలు వడ్డించి, గిన్నె వంక చూస్తూ, "ఇంక నేను ఎవరికి వండాలండీ?" అంది. నలభై ఏళ్ళు ఆవిడ ప్రేమంతా ఆ గిన్నెల్లోనే పెట్టింది. దానికి డాక్టరు చీటీలో మందు లేదు. చాలా నెలలు ఆ వంటింట్లో ఇద్దరం మాట్లాడుకోకుండా తిన్నాం. తరవాత ఆవిడ పొద్దున్నే నాతో నడకకు రావడం మొదలుపెట్టింది. నడక నిజమేనండీ, అది అబద్ధం కాదు. కాని నడక తరవాత వచ్చింది.

ఇరుగుపొరుగుకి పిత్తాశయంలో రాయి తీశారని చెప్పాం. నిజం చెబితే "తిండి ఆపుకోలేక నాలుగు లక్షలు పెట్టి పొట్ట కోయించుకున్నాడు" అంటారని భయం. విచిత్రమేమిటంటే పది నెలలకు నిజంగానే పిత్తాశయంలో రాళ్ళొచ్చాయి. వేగంగా బరువు తగ్గినవాళ్ళకు వస్తాయట. మళ్ళీ ఆపరేషన్. "మళ్ళీనా?" అని అడిగారు ఎదురింటివారు. అబద్ధానికి శిక్ష వెంటనే పడిందనుకున్నాను. అసలు శిక్ష ముందుంది.

మన మిత్రులొకరు, పేరు చెప్పను, ఈ హాల్లోనే ఉన్నారు, ఆయన సరేనంటేనే మాట్లాడుతున్నాను. ఆయనకీ నాలాగే బరువు, షుగరు. 2017లో నా ఉపన్యాసం విని మర్నాడే బీచ్‌లో నడక మొదలుపెట్టారు. మోకాళ్ళు వాచాయి. అయిదు నెలలకు నాలుగు కేజీలు తగ్గి, ఆపేశారు. 2021లో డాక్టరు ఆపరేషన్ చేయించుకోమన్నారు. కొడుకు డబ్బు కడతానన్నాడు. ఈయన, "మా గురువుగారు కోత లేకుండా తగ్గారు. నాకు పట్టుదల లేదు, అంతే. నా బద్ధకానికి నీ డబ్బెందుకురా" అన్నారట. 2024లో కాలికి పుండు పడి రెండు వేళ్ళు తీసేశారు. నేను చూడ్డానికి వెళితే, మంచంమీంచి లేవబోయి, "మీలా నడవలేకపోయానండీ గురువుగారూ" అన్నారు.

ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఆ వేళ్ళు ఉండేవని నేనెలా చెప్పను? అలా చెప్పే అర్హత నాకు లేదు. కాని ఏడేళ్ళపాటు ఆయన తనని తాను చేతకానివాణ్ణనుకున్నారు. అందుకు ఆధారం నా మాట. వారం తరవాత మళ్ళీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తిడతారనుకున్నాను. ఆఖరికి, "నొప్పెక్కువా?" అని అడిగారు.

ఇప్పుడు నా సంగతి. 84 దాకా దిగినవాణ్ణి 89కి వచ్చాను. కొంత తిరిగి పెరుగుతుంది. ఛాతీలో మంట ఉంటుంది, మాత్ర వేసుకుంటాను. ఇన్సులిన్ మానేసి ఎనిమిదేళ్ళు దాటింది, షుగరు మాత్ర ఒకటి మిగిలింది. రాత్రిళ్ళు మా ఆవిడ నిద్రపోతోంది. అందరికీ ఆపరేషన్ మంచిదని నేననను. మన వయసులో చాలామందికి డాక్టర్లే వద్దంటారు. 2025లో మౌంజారో, వెగోవీ అనే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. ఖరీదు ఎక్కువ, మానేస్తే బరువు తిరిగి వస్తుంది. కొందరికి అవి సరిపోతాయి, కొందరికి నడక, మితాహారమే సరిపోతాయి. ఎవరికేది అన్నది డాక్టరు చెప్పాలిగాని, శాలువా కప్పుకున్న నాబోటివాడు చెప్పకూడదు.

నా డిశ్చార్జి కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు, బిల్లులు అన్నీ ఒక ఫైలు చేసి, పేజీలకు నంబర్లు వేసి, ముందు సూచిక పెట్టి తెచ్చాను. గుమాస్తా బుద్ధి. అది సంఘం ఆఫీసు బీరువాలో ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. ఒక్క సోమవారం మాత్రం దొరకదు. ఆ రోజు మన మిత్రులు డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. ఫైలు పట్టుకుని నన్నూ తోడు రమ్మన్నారు.